అడవిలో ఊరికే కూర్చోవడం

జపాన్ భాషలో 'షిన్రిన్' అంటే అడవి. 'యోకు' అంటే స్నానం. రెండూ కలిపితే అడవి స్నానం. ఈమధ్య ఆదివారం అనుబంధాల్లో, ఆరోగ్యం పేజీల్లో ఈ మాట తరచూ కనిపిస్తోంది. ఫోను కట్టేసి చెట్ల మధ్య మెల్లగా నడవాలి. ఆకుల చప్పుడు వినాలి, బెరడు మీద చెయ్యి వేసి చూడాలి, మట్టి వాసన పీల్చాలి. ఎక్కడికో చేరాలన్న తొందర ఉండకూడదు. అలిసిపోతే కూర్చోవాలి, అలిసిపోకపోయినా కూర్చోవచ్చు. పద్ధతంతా ఇంతే. దీనికి నీళ్ళూ అక్కర్లేదు, సబ్బూ అక్కర్లేదు. సూర్యస్నానం, సముద్రస్నానం అనే మాటలు జపాన్‌లో అప్పటికే వాడుకలో ఉన్నాయి కాబట్టి ఆ వరసలోనే దీన్నీ తయారు చేశారు.

'తయారు చేశారు' అని కావాలనే అంటున్నాను. ఇదేదో వేల ఏళ్ళ ప్రాచ్య జ్ఞానమని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాదు. 1982లో జపాన్ అటవీ సంస్థకు అధిపతిగా ఉన్న టోమొహిదె అకియామా ఈ మాటను పుట్టించాడు. అంటే ఇది నాకంటే వయసులో చిన్నది. ఒక ప్రభుత్వ శాఖ పెద్ద, అదీ చెట్లు పెంచి కొట్టించి అమ్మే శాఖ పెద్ద, జనాన్ని పిలిచి అడవిలో స్నానం చెయ్యమని ఎందుకన్నాడు? చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఒక మాట వినగానే ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరితో అన్నారు అని అడగడం నాకు అలవాటు.

అడగడానికి సొంత కారణం కూడా ఉంది. అత్తగారు ఆరేళ్ళు మంచంలో ఉన్నారు. ఆ ఆరేళ్ళూ రాత్రి రెండున్నరకొకసారి, నాలుగున్నరకొకసారి లేచి ఆమెను పక్కకి తిప్పేదాన్ని. ఆమె పోయాక కూడా ఆ రెండు వేళలకూ నాకు మెలకువ వచ్చేస్తూనే ఉంది. మాత్రలు వద్దనుకున్నాను. చూపించుకున్న డాక్టరమ్మ "చెట్ల మధ్య తిరగండి, ఏమీ చెయ్యకుండా కూర్చోండి" అంది. నగోయాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అది విని, "నువ్వూ, ఊరికే కూర్చోవడమూ! అయితే ఇక్కడికే రా అమ్మా, ఆ మాట పుట్టిన అడవే చూపిస్తాను" అంది. వెళ్ళేముందు ఆ అడవి గురించి దొరికినంతా చదివాను. చదివాక చూడబుద్ధి మరింత ఎక్కువైంది, నిశ్చింతగా చూడగలననే నమ్మకం మాత్రం తగ్గింది.

ఆ అడవి పేరు అకసావా. నగానో రాష్ట్రంలో కిసో లోయ, అందులో అగెమత్సు అనే చిన్న ఊరు, దాని పైన కొండల్లో ఉంటుంది. 1982లో మొదటి అడవి స్నానాల కార్యక్రమం జరిగింది అక్కడే. అక్కడి హినోకి చెట్ల వయసు దాదాపు 300 ఏళ్ళు. మన దేవదారు జాతికి చుట్టమనిపించే నిటారు చెట్టు, చెక్క కోస్తే నిమ్మకాయలాంటి చల్లటి వాసన. ఈ 300 ఏళ్ళ లెక్కలోనే ఒక కథ ఉంది. అంతకుముందున్న చెట్లు ఏమయ్యాయి?

కొట్టేశారు. 17వ శతాబ్దంలో తొకుగావా పాలన కుదురుకున్నాక కోటలకీ, పట్నాలకీ, గుళ్ళకీ కావలసిన కలపంతా ఇలాంటి లోయల నుంచే పోయింది. కిసో కొండలు 1615 నుంచి నగోయాలో ఉండే ఒవారి సంస్థానం చేతిలో ఉన్నాయి. కొండలు బోడులవుతున్నాయని చూసి 1665లో సంస్థానం కొన్ని అడవుల్ని పూర్తిగా మూసేసింది. 18వ శతాబ్దం మొదట్లో హినోకితో సహా కొన్ని జాతుల్ని ఎవరూ నరకకూడదని ఆజ్ఞ వచ్చింది, చివరికి అవి అయిదు జాతులయ్యాయి. వాటినే 'కిసో అయిదు చెట్లు' అంటారు. ఆజ్ఞ ఎంత కటువుగా ఉండేదో చెప్పడానికి అక్కడొక నానుడి మిగిలింది. ఒక చెట్టుకి ఒక తల. చెట్టు కొడితే తల పోతుందని. ఈరోజు మనం కళ్ళు మూసుకుని గాలి పీల్చే ఆ నీడ అలా పెరిగింది.

ఆ కాలంలోనే, ఆ లోయలోనే ఇంకొక కాపలా కూడా ఉండేది. పర్యావరణం గురించి రాసేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. క్యోటో నుంచి ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి, కొండల మీదుగా వెళ్ళే నకసెన్‌దో దారి కిసో లోయలోంచే పోతుంది. దారి మధ్యలో ఫుకుషిమా అనే ఊరి దగ్గర తనిఖీ ఠాణా. (అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమా ఇది కాదు.) దేశం మొత్తంలో ముఖ్యమైన నాలుగు ఠాణాల్లో ఇదొకటి. అక్కడి ఉద్యోగులు ప్రధానంగా వెతికేవి రెండే. రాజధాని వైపు వచ్చే తుపాకులు, రాజధాని నుంచి బయటికి వెళ్ళే స్త్రీలు. సంస్థానాధీశులు తిరగబడకుండా వాళ్ళ భార్యల్ని ఎదోలో బందీలుగా ఉంచేవారు కదా, వాళ్ళు మారువేషంలో తప్పించుకుపోతారేమోనని భయం. ఆ భయం పేరు చెప్పి మామూలు ఆడవాళ్ళందర్నీ ఆపారు. తీర్థయాత్రకి వెళ్ళే ముసలమ్మకైనా ప్రత్యేక అనుమతి పత్రం ఉండాల్సిందే. ఆ పత్రంలో ఆమె జుట్టు గురించి కూడా రాసేవారు. గుండు చేయించుకున్న సన్యాసినా, జుట్టు కత్తిరించుకున్న వితంతువా, ఇంకా చిన్నపిల్లా అని. మనిషికీ పత్రానికీ తేడా వస్తే వెనక్కి పంపేవారు. ఒళ్ళు తడిమి చూడడానికి ఆడ ఉద్యోగులే ఉండేవారు. ఆడవాళ్ళ మీద నిఘా పనికి ఆడవాళ్ళనే పెట్టుకోవడం మనకి కొత్త సంగతేం కాదు.

అలా ఆ లోయలో చెట్టుకీ ఆడదానికీ ఒకేసారి కాపలా కాశారు. రెండూ ప్రభువు ఆస్తే, రెండూ చేయి దాటకూడదు. ఈ పోలిక మరీ సులభంగా కుదిరిందని నాకే అనుమానం వచ్చింది గానీ, ఠాణా లెక్కలూ అడవి ఆజ్ఞలూ ఒకే పాలన కింద, ఒకే లోయలో నడిచాయన్నది నిజం. 1861లో చక్రవర్తి చెల్లెలు కాజునోమియాని షోగన్‌కి ఇచ్చి పెళ్ళి చెయ్యడానికి పల్లకీలో తీసుకెళ్ళింది కూడా ఈ దారినే. ఆమెకి అప్పటికే ఇంకొకరితో సంబంధం నిశ్చయమై ఉంది, ఈ పెళ్ళి వద్దని మొదట గట్టిగానే చెప్పింది. కిసో చెట్ల మధ్య నుంచి వెళ్తూ ఆమె ఏం పీల్చుకుందో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఇక కొండ. లోయకి పైన ఒన్‌తాకె పర్వతం ఉంది, భక్తులు ఎక్కే పవిత్ర పర్వతం. జపాన్‌లో చాలా పవిత్ర పర్వతాల మీద స్త్రీలకి నిషేధం ఉండేది. బహిష్టు, ప్రసవం మైల అని. మనకి వివరించి చెప్పక్కర్లేదు. ఒన్‌తాకె ఎక్కే ఒక దారిలో ఎనిమిదో మజిలీ దగ్గర ఉన్న బసని ఈనాటికీ 'న్యోనిన్‌దో' అంటారు. స్త్రీల మందిరం అని అర్థం. వినడానికి గౌరవంగా ఉంది, నిజానికి అది ఆడవాళ్ళు ఆగిపోవలసిన హద్దు. అక్కణ్ణుంచే శిఖరానికి దండం పెట్టుకుని దిగిపోవాలి. 1832లో తకయామా తత్సు అనే స్త్రీ మగవేషం వేసుకుని ఫుజి పర్వతం ఎక్కింది. 1872లో మెయిజీ ప్రభుత్వం ఈ నిషేధాల్ని ఎత్తేసింది. అయినా నారా రాష్ట్రంలోని ఒమినె పర్వతం మీద సంప్రదాయం పేరుతో ఇప్పటికీ ఆడవాళ్ళని పైకి వెళ్ళనివ్వరు. ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ జపాన్ మనిషి, జున్‌కో తబెయి, 1975లో. ఆమె అంతకు ఆరేళ్ళ ముందు ఆడవాళ్ళ కోసమే ఒక పర్వతారోహణ సంఘం పెట్టుకుంది.

ఇంత చదివాక, ఆ అడవి ఆడవాళ్ళకి ఏమైనా ఇచ్చిందా అని వెతికాను. ఒక దువ్వెన దొరికింది. అదే లోయలోని త్సుమగోలో ఒరోకు అనే అమ్మాయి ఉండేదట. విడవని తలనొప్పి. ఒన్‌తాకె దేవుణ్ణి వేడుకుంటే, మినెబారి చెట్టు చెక్కతో దువ్వెన చేయించుకుని పొద్దునా సాయంత్రం తల దువ్వుకోమని సెలవైందట. అలాగే చేసింది, తలనొప్పి పోయింది. ఆ పేరుతోనే 'ఒరోకు దువ్వెనలు' ఆ దారిన పోయే ప్రయాణికులకి అమ్ముడయ్యేవి. యబుహరా అనే ఊళ్ళో ఇప్పటికీ చేస్తారు. మన పేలదువ్వెనలాగా సన్నటి పళ్ళు. ఇది గాథే, చరిత్ర కాదు. కానీ ఈ గాథలో నాకు నచ్చిందేమిటంటే, ఒరోకుని ఎవరూ కొండ ఎక్కమనలేదు, మూడు రోజులు సెలవు పెట్టమనలేదు. ఆమెకి దొరకగలిగిన విశ్రాంతి ఎంతో దేవుడికి తెలిసినట్టుంది. పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు, తన తల తన చేతుల్లో. జుట్టు చూసి ఆడదాన్ని ఠాణాలో ఆపిన లోయలోనే ఈ కథ పుట్టడం కూడా గమనించండి.

1869లో ఠాణాలు రద్దయ్యాయి. ఆడవాళ్ళకి దారి తెరుచుకుంది, అడవి మాత్రం ఊళ్ళవాళ్ళకి మరింత మూసుకుపోయింది. పాత కాలంలో అయిదు జాతుల్ని ముట్టుకోకపోతే కొన్ని కొండల్లో కట్టెలూ గడ్డీ తెచ్చుకోనిచ్చేవారు. కొత్త ప్రభుత్వం కొండల్ని తన పేర రాసుకుని ఆ వాడకాన్నీ కట్టడి చేసింది. మగోమె గ్రామాధికారి షిమజాకి మసాకి ఊళ్ళ తరఫున అర్జీలు పెట్టాడు, ఆ పదవే పోయింది. తర్వాత మతి చలించి 1886లో ఇంట్లోనే తాళం వేసిన గదిలో చనిపోయాడు. 1889లో కిసో అడవులు చక్రవర్తి సొంత ఆస్తి అయ్యాయి. మసాకి కథని ఆయన కొడుకు షిమజాకి తోసొన్ 'యోఆకె మాఎ' అనే పెద్ద నవలగా రాశాడు, 1929 నుంచి 1935 దాకా. జపాన్ సాహిత్యంలో అది గొప్ప నవలల్లో ఒకటి.

కానీ ఆ ఇంట్లో మతి చలించింది తండ్రికొక్కడికే కాదు. తోసొన్ అక్క సోనోని కిసో ఫుకుషిమాలోనే మందులు తయారుచేసి అమ్మే ఇంటికి ఇచ్చారు. భర్త బయటి తిరుగుళ్ళ వల్ల ఆమెకి జబ్బు అంటుకుంది. చివరి రోజులు మానసిక చికిత్సాలయంలో గడిచి 1920లో పోయింది. ఆమె మీద తోసొన్ 1921లో రాసిన కథ పేరు 'ఒక స్త్రీ జీవితం'. తండ్రి పిచ్చి దేశ చరిత్ర అయ్యింది, అక్క పిచ్చి ఒక కథ అయ్యింది. (అన్న కూతురి జీవితాన్ని చెదరగొట్టి దాన్నీ నవలగా రాసుకున్న మనిషి కూడా ఈ రచయితే. అది వేరే వ్యాసానికి.) చుట్టూ ఇన్ని చెట్లున్న ఊళ్ళో, మందుల ఇంట్లో బతికిన సోనోకి ఆ గాలీ మందూ ఏవీ పనిచెయ్యలేదు. అడవి మనసుకి మంచిదని ఎవరైనా అంటే ముందు ఈమే గుర్తొస్తోంది నాకు.

ఇప్పుడు 1982కి వద్దాం. రెండో యుద్ధం తర్వాత జపాన్ తన కొండల్ని సుగి, హినోకి తోటలతో నింపేసింది. 1964 కల్లా బయటి దేశాల కలపకి తలుపులు బార్లా తెరిచింది. చవక కలప దిగుమతయ్యేసరికి సొంత చెట్లు కొట్టడం గిట్టలేదు, ప్రభుత్వ అడవుల ఖాతా అప్పుల్లో పడింది. 1916 నుంచి అకసావా వైపు దుంగలు మోసిన చిన్న రైలు 1975లో ఆగిపోయింది. కొట్టినా లాభం లేని చెట్టుని ఇంకెలా పనికి పెట్టాలి? అకియామా కొత్త మాటకి ఆ పక్క నుంచి ఇదొక కారణం. అది దుర్బుద్ధి అని నేననను. అడవిని కొట్టకుండా నిలబెట్టడానికి ఒక గుమాస్తా బుర్రకి తట్టిన ఉపాయాల్లో ఇది మంచిదే. యుద్ధం తర్వాత వేసిన ఆ సుగి తోటల పుప్పొడి వల్ల మాత్రం ఇప్పుడు ప్రతి వసంతంలోనూ జనం తుమ్ములతో, నీరుకారే కళ్ళతో బాధపడతారు. 2019 సర్వేలో దాదాపు 39 శాతం మందికి ఆ ఎలర్జీ ఉన్నట్టు తేలింది. మందు కూడా అడవే, జబ్బు కూడా అడవే.

ఇంకో పక్క నుంచి చూస్తే, అదే 1982లో ముగ్గురు జపాన్ డాక్టర్లు ఒక పుస్తకం వేశారు. దాని పేరు 'కరోషి', అంటే అతి పనితో చావు. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి చేసి గుండె ఆగి, మెదడులో నరాలు చిట్లి చనిపోతున్న వాళ్ళ గురించి. ఒకే సంవత్సరంలో ఒక దేశానికి ఈ రెండు మాటలూ అవసరమయ్యాయి. పనితో చావు, చెట్ల కింద స్నానం. అయితే కరోషి లెక్కలో పడాలంటే పనిగంటల రికార్డు ఉండాలి. భర్త రాత్రి పదకొండుకి వచ్చేదాకా అన్నం వేడిగా ఉంచి కూర్చున్న మనిషి పనిగంటల్ని ఎవరు రాసిపెట్టారు?

తర్వాత ప్రయోగశాలలు వచ్చాయి. 1990లో యకుషిమా దీవి అడవుల్లో మియజాకి అనే శాస్త్రవేత్త ఒత్తిడి హార్మోన్ కొలిచాడు. టోక్యోలోని నిప్పాన్ వైద్య విశ్వవిద్యాలయంలో చింగ్ లీ అనే డాక్టరు 2005లో 12 మంది టోక్యో ఉద్యోగుల్ని నగానో అడవులకి తీసుకెళ్ళి, రక్తంలో వ్యాధుల్ని ఎదుర్కొనే ఒక రకం కణాల చురుకుదనం పెరిగిందని చూపించాడు. చెట్లు తమను తాము కాపాడుకోవడానికి గాలిలోకి వదిలే వాసన పదార్థాలు ఇందుకు ఒక కారణం కావచ్చునన్నాడు. ఆ 12 మందీ మగవాళ్ళే. 2007లో ఆడవాళ్ళతో చేశారు. 13 మంది నర్సులు.

ఆ 13 మంది గురించి చదువుతూ చాలాసేపు ఆగిపోయాను. 25 నుంచి 43 ఏళ్ళ లోపు వాళ్ళు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. మొదటి రోజు మధ్యాహ్నం రెండు గంటల నడక. రెండో రోజు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. రెండు గంటల్లో రెండున్నర కిలోమీటర్లే, అంత మెల్లగా. మూడో రోజు రక్తపరీక్ష. ఆడవాళ్ళ నెలసరి వల్ల ఫలితాలు మారతాయేమోనని ఆ హార్మోన్లు కూడా కొలిచారు, ఆ జాగ్రత్తకి మెచ్చుకోవాలి. ఫలితం మగవాళ్ళలాగానే మంచిదే వచ్చింది, వారం దాటాక కూడా ఆ ప్రభావం కొంత నిలిచింది.

నేను అడిగేది ఒకటే. ఆ మూడు రోజులూ వంట ఎవరు చేశారు? హోటల్లో వండిపెట్టారు. రాత్రి డ్యూటీ లేదు. గంట మోగితే పరిగెత్తి వెళ్ళాల్సిన రోగి లేడు. పక్కగదిలో ఏడ్చే పిల్ల లేదు. మగవాళ్ళతో చేసిన ఇంకొక ప్రయోగంలో అడవికి బదులు నగరానికి తీసుకెళ్ళి పోల్చి చూశారు, అక్కడ ఆ పెరుగుదల కనిపించలేదు కాబట్టి చెట్ల మహిమ ఉందనే అనుకోవాలి. నర్సులతో చేసిన దాంట్లో ఆ పోలిక లేదు. 13 మంది ఆడవాళ్ళని మూడు రోజులు ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టి, ఎవరో వండింది పెట్టి, నిద్రపోనిచ్చి, తర్వాత రక్తం తీసి చూశారు. అందులో చెట్ల వాటా ఎంత, గరిట పట్టకపోవడం వాటా ఎంత? మన కార్తీక వనభోజనాల్లో ఈ ప్రయోగం చేస్తే తేలిపోతుంది. ఉసిరిచెట్టు కిందే ఉంటాం, గాలీ పీలుస్తాం, కానీ గాడిపొయ్యి దగ్గర మనమే, విస్తళ్ళు ఎత్తేదీ మనమే. పేకముక్కల దగ్గర కూర్చున్న వాళ్ళ రక్తమూ, పులిహోర కలిపిన వాళ్ళ రక్తమూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇన్ని ప్రశ్నలు మూటగట్టుకుని నిరుడు మే నెలలో అకసావా వెళ్ళాను. నగోయా నుంచి రైల్లో గంటన్నర, అక్కణ్ణుంచి బస్సు. పనివేళ కావడంతో జనం తక్కువ. నీళ్ళు సన్నగా పారే ఏటి పక్కన చెక్కదారి, చక్రాల కుర్చీ కూడా పోయేలా ఉంది. అత్తగారిని తీసుకురాగలిగితే బావుండేదనిపించింది, ఆమె ఉన్నప్పుడు గుమ్మం దాటించడమే గగనమైంది. దుంగలు మోసిన రైలు ఇప్పుడు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతోంది. మా అమ్మాయి ముందు నడుస్తూ వెనక్కి తిరిగి, "అమ్మా, లెక్కపెట్టకు" అంది. నేను చెట్లు లెక్కపెడుతున్నానని ఎలా తెలిసిందో. ఒక బల్ల మీద కూర్చున్నాను. మొదటి పావుగంటా నరకయాతన. చేతులు ఏదో ఒకటి వెతుకుతున్నాయి, కొంగు మడత పెడుతున్నాయి. తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించడం మొదలైంది. అంతకుముందూ ఉంది, వినిపించలేదు. వాసన గురించి రాసినవన్నీ నిజమే. ఆ రాత్రి రెండున్నరకి మెలకువ రాలేదు. నాలుగున్నరకి వచ్చింది. సగం నయం.

ఒక చెట్టుకి ఒక తల అన్న సంగతి ఆ పావుగంటలోనూ మర్చిపోలేదు. 'ఎరుకతో ఉండండి' అంటారు ఈ పద్ధతి నేర్పేవాళ్ళు. ఎరుక ఊపిరి దగ్గరే ఆగిపోవాలని ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. ఆ చెట్టు ఎందుకు నిలబడిందో, ఎవరు దూరంగా ఉండటం వల్ల నిలబడిందో తెలిసి కూర్చుంటే నిశ్శబ్దం పాడవుతుందా? నాకైతే పాడవలేదు. ఠాణాలో వెనక్కి తిరిగిపోయిన ముసలమ్మలు కూడా పక్కన కూర్చున్నట్టుంది.

ఈ పద్ధతి మన దేశానికి వచ్చిన తీరు కూడా చూడండి. 2021 మార్చిలో ఉత్తరాఖండ్ అటవీ శాఖ రాణిఖేత్ దగ్గర పైన్ చెట్ల మధ్య ఒక 'అడవి చికిత్సా కేంద్రం' తెరిచింది, జపాన్ పద్ధతిని చూసే. అదే రాష్ట్రంలో రేణి గ్రామముంది. 1974 మార్చి 26న గౌరాదేవి, ఆమెతోటి ఆడవాళ్ళు చెట్లని చుట్టుకుని కాంట్రాక్టరు మనుషుల్ని వెనక్కి పంపిన చోటు. చికిత్సా కేంద్రం తెరవడానికి నెల ముందు, 2021 ఫిబ్రవరి 7న, పైనుంచి ముంచుకొచ్చిన వరద ఆ రేణి దగ్గరి విద్యుత్ ప్రాజెక్టుని ఊడ్చుకుపోయింది. మనుషులు చాలామంది పోయారు. చెట్లని కౌగిలించుకోవడం చికిత్సగా నేర్పేవాళ్ళు, చెట్లని కౌగిలించుకున్నందుకే చరిత్రకెక్కిన ఊరిని ఒక్కసారి తలుచుకున్నా బావుండేది. ఆ కొండల ఆడవాళ్ళకి పైన్ చెట్టంటే పెద్ద ఇష్టం కూడా ఉండదు. దాని ఆకు పశువులు తినవు, రాలిన సూదులు ఎండాకాలం నిప్పంటుకుంటాయి. వాళ్ళకి కావలసింది పశువులకి మేతా, ఊటకి నీరూ ఇచ్చే బాంజ్ ఓక్ చెట్టు.

మన సంగతి. జపాన్ వాళ్ళు అడవి స్నానం అన్న మాట పుట్టించడానికి సరిగ్గా వందేళ్ళ ముందు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గిద్దలూరు దగ్గర నల్లమల అంచున ఉండే మా అమ్మమ్మ తరానికి అడవి అంటే కట్టెలమోపు, గార్డు, మామూలు. ఆమె నల్లమద్దిని వాసనతో గుర్తుపట్టేది. మోపు దించి తునికిచెట్టు కింద నలుగురు ఆడవాళ్ళూ కూర్చునే ఆ కాసేపే, అత్తగారి చెవిన పడకుండా మాట్లాడుకోగలిగేవాళ్ళమని చెప్పేది. ఆ కూర్చోవడానికి పేరు లేదు, దాని మీద పరిశోధనా లేదు. నిజాం రాజ్యంలోని అడవులకి వేరే చట్టం ఉండేది, 1967లో రెండు ప్రాంతాలకీ కలిపి ఒక అటవీ చట్టం చేశారు. 2006 అటవీ హక్కుల చట్టంలో మాత్రం ఒక మంచి వాక్యం ఉంది. పెళ్ళయిన వాళ్ళయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. గోదావరి పక్క ఊళ్ళలో పనిచేసే స్నేహితురాలు, పట్టాలో పేరున్న సంగతి కూడా తెలియని ఆడవాళ్ళు ఇంకా ఉన్నారని చెప్తుంది.

తిరిగొచ్చాక మేం నలుగురం, అందరం రిటైరైన వాళ్ళం, రెండు నెలలకోసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి వెళ్తున్నాం. హైదరాబాద్‌కి దగ్గర, మూసీ పుట్టే కొండలు. మేం పెట్టుకున్న నియమం ఒకటే. ఇంటి నుంచి ఎవరూ ఏదీ వండి తేకూడదు. ఒకావిడ రెండుసార్లు పులిహోర తెచ్చింది, మూడోసారి మానేసింది. ఒక్కదాన్నే అయితే వెళ్ళను. మన అడవుల్లో ఆడది ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చోవడానికి ఏ పుస్తకమూ ధైర్యం చెప్పదు. నలుగురం కాబట్టి కూర్చోగలుగుతున్నాం, అదీ ఒకరు కళ్ళు తెరిచి.

మొన్న అలా కూర్చుని ఉంటే కట్టెలమోపులు నెత్తిన పెట్టుకుని ఇద్దరు వచ్చారు, ఒక పెద్దామె, ఒక చిన్నామె. పెద్దామె ఆగింది.

"ఏం జేస్తున్రు బిడ్డా గీడ?"

"ఏం లేదమ్మా, ఊరికే కూర్చున్నాం."

"ఊకెనేనా? ఇంట్ల పని లేదా మీకు?"

"ఉంది. వదిలేసి వచ్చాం" అంది మా స్నేహితురాలు.

ఆమె మమ్మల్ని నలుగురినీ ఒకసారి చూసి నవ్వింది. "మంచిగ జేసిన్రు" అని మోపు దించి చెట్టుకి ఆనించి మా పక్కన కూర్చుంది. చిన్నామె కూర్చోలేదు, రోడ్డు వైపే చూస్తోంది.

"జల్ది లే అత్తా, గార్డొస్తడు."

"ఉండవే, జర కూసోనీ" అంది పెద్దామె.